సముద్రం పెట్టిన గుర్తు

మా అత్తగారింట్లో గొర్రెలకు రెండు రకాల గుర్తులు పెట్టేవాళ్ళు. మెడ పక్కన పొడుగ్గా ఒక తారు గీత ఉంటే అది మా మందది. తుంటి మీద అరచేయంత గుండ్రటి తారు మచ్చ ఉంటే అది అమ్మకానికి. రెండేళ్ళు చూసినా చూడి కట్టని గొర్రెకు ఈ గుండ్రటి మచ్చ పడేది. అది పడ్డాక ఆ గొర్రెకు జబ్బు చేసినా మందు తెచ్చేవాళ్ళు కారు. ఉత్త దండగ అనేవాళ్ళు. హిందూపురంలో మాంసం అంగడి పెట్టుకున్న ఒకాయన వ్యాను వేసుకుని వచ్చి, మచ్చ ఉన్నవాటిని లెక్క చూసుకుని ఎక్కించుకుపోయేవాడు.

ఏ గొర్రెకు ఏ గుర్తో తేల్చేది మా అత్త. పెనుకొండకూ రామగిరికీ నడుమ మెట్ట ఊరు అది. వానను నమ్ముకుంటే ఆకలి, గొర్రెను నమ్ముకుంటే అన్నం అనేది ఆమె. గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించుకుని, డొక్క కింద చేయి పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఉండి, "సూడిది" అనో, "వట్టిది" అనో చెప్పేది. ఆమె మాట తప్పడం ఎవరూ చూడలేదు. ఊళ్ళోవాళ్ళు కూడా తమ గొర్రెలను ఆమె దగ్గరికే తోలుకొచ్చేవాళ్ళు. ఆ చేత్తోనే నాకు పెళ్ళయిన కొత్తలో తలంటి పోసింది. అప్పుడు ఆ చేతులు ఎంత మెత్తగా ఉన్నాయో అనుకున్నాను.

నేను హిందూపురం పిల్లను. మా నాయన ఆటో తోలుతాడు. అల్లుడు మాట తక్కువ మనిషి, కాబట్టి మంచివాడు అని ఆయన నమ్మకం. మాట తక్కువైనవాళ్ళలో కొందరికి చెప్పడానికే ఏమీ ఉండదని కాపురానికి వచ్చాక నాకు తెలిసింది. ఏళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. అత్త మొదట గుళ్ళు తిప్పింది, తర్వాత పసర్లు తాగించింది, తర్వాత మాట్లాడటం మానేసింది. ఆడబిడ్డ మాత్రం వచ్చినప్పుడల్లా తన కొడుకును నా ఒళ్ళో కూర్చోబెట్టి, "వదినా, వీణ్ణి కాస్త ఎత్తుకో, చేయి అలవాటయితాది" అని నవ్వేది.

చివరికి మా అమ్మ పోరు పెడితే ధర్మవరంలో ఒక ఆసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరమ్మ నాకు చేయాల్సిన పరీక్షలన్నీ చేసింది. "నీకేం లోపం లేదమ్మా. ఇక మీ ఆయనకు చేయాలి. ఎక్కడ ఆయన?" అని అడిగింది. బయటికి వచ్చి చూస్తే బెంచీ మీద లేడు. ఫోను ఎత్తలేదు. ఆసుపత్రి మూసే వేళకు చంకలో సంచీతో వచ్చాడు. ధర్మవరం దాకా వచ్చినాం కదా అని చెల్లెలికి పట్టుచీర కొన్నాడట. "ఆలస్యమయిపాయ. పోదాం పా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "చూద్దాంలే" అన్నాడు. అత్త అయితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మగోనికి పరీక్ష ఏందే! ఇనేవాళ్ళు నగుతారు" అంది.

పరిగి దగ్గర ఒక పిల్ల ఉందని, పేదవాళ్ళైనా పిల్ల బాగుందని, రెండో సంబంధమైనా ఇస్తారని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. నేను వంటింట్లో ఉన్నప్పుడు వసారాలో గొంతు తగ్గించేవాళ్ళు కాదు. కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఒక్కసారి ధర్మవరం వచ్చి పరీక్ష చేయించుకోవాలి. లోపం నాది కాదని తేలితే ఆ ఇంట్లో నేనుంటాను. తేలకపోతే ఆ పరిగి పిల్ల వస్తుంది. బిడ్డ సంగతి కూడా తర్వాతే.

ఆ వేసవిలో ఊరికి వచ్చిన సోదె ఆమె ఒక ఉపాయం చెప్పింది. మొగుడూ పెళ్ళాం కొంగులు ముడివేసుకుని గోకర్ణం సముద్రంలో మునిగి, తడిబట్టలతో దేవుణ్ణి చూస్తే కడుపు కట్టు విడిపోతుందట. ధర్మవరం పోవడానికి తీరిక దొరకని మనిషికి గోకర్ణం పోవడానికి దొరికింది. టెంపో మాట్లాడారు. అత్త, ఆడబిడ్డ, ఆమె మొగుడు, పిల్లాడు, మా ఆయన, నేను. మిగిలిన సీట్లలో అత్త తరఫు బంధువులు. మడకశిర దాటాక అత్త పక్కన కూర్చున్నామెతో కన్నడంలోకి దిగింది. నాకు కన్నడం రాదనుకుందో, వస్తే వచ్చిందిలే అనుకుందో, శిర వచ్చేదాకా పరిగి పిల్ల చేతిపని గురించి చెబుతూనే ఉంది.

మాలో ఎవరమూ అంతకుముందు సముద్రం చూడలేదు. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అలలోకి పోయి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఇన్ని నీళ్ళుండి ఏం లాభం? గొర్రెకు గూడా పనికిరావు" అని తిట్టింది. తిట్టి వెనక్కి తిరిగిందో లేదో, ఒడ్డున ఇసుక మీద ఏదో చూసి కూర్చుండిపోయింది. నల్లటి ఉండలు. కొన్ని నిమ్మకాయంత, కొన్ని చిన్న సంగటి ముద్దంత. అలలు వచ్చి వెళ్ళిన గీత పొడుగునా అవే. ఒకటి తీసి వేళ్ళతో నలిపి, వాసన చూసింది.

"ఏమే, ఇది డాంబరు గదా!" అని అరిచింది. "మనం పెనుకొండలో డబ్బా కొనుక్కొని రావాల్సిందే. ఈడ చూడు, ఊరికే పారేసిండారు!"

ఇక ఆమెకు గోకర్ణమూ లేదు, దేవుడూ లేడు. టెంపోలోంచి బియ్యం సంచీ ఒకటి తెప్పించి ఏరడం మొదలుపెట్టింది. పక్కన టీ అమ్ముతున్నాయన చూడలేక వచ్చి కన్నడంలో చెప్పాడు. అవి ఓడలవాళ్ళు నడిసముద్రంలో పారబోసే పాత నూనె గడ్డలట. ఏటా వానలకు ముందు గాలికి కొట్టుకొస్తాయట. తాకవద్దు తల్లీ, బట్టకు అంటితే పోదు, ఒంటికి అంటితే కొబ్బరినూనె రాసుకోవాలి అన్నాడు. అత్త ఆయన వంక జాలిగా చూసింది. డాంబరు విలువ తెలియని మనిషి అనుకుని ఉంటుంది.

మేమిద్దరం కొంగులు ముడివేసుకుని మునిగాం. ఆయనకు నీళ్ళంటే భయం. మూడో మునకకు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను నలుగురిలో పట్టుకోవడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది, ముద్దుగా కూడా అనిపించింది. బయటికి వచ్చి ముడి విప్పుకుని, అత్త ఏరడం పూర్తయ్యేదాకా ఇసుక మీద కూర్చున్నాను. మొక్కు కోసమని కట్టుకున్న లేత పసుపు నూలు చీర. కొత్తది. అత్త సంచీ మూతి కట్టి పిలిస్తే లేచి ముందుకు నడిచాను.

వెనక ఆడబిడ్డ కేక పెట్టింది. "అమ్మా, అమ్మా! ఈడ చూడమ్మా! వదినకు గుర్తు పెట్టినారు!"

నేను మెడ తిప్పి చూసుకుంటే నాకు కనబడలేదు. చేత్తో తడిమితే వేళ్ళకు జిగటగా అంటుకుంది. కుడి తుంటి మీద, సరిగ్గా గొర్రెకు పెట్టేచోట, అరచేయంత గుండ్రటి నల్ల మచ్చ. నేను కూర్చున్నది ఒక తారు ముద్ద మీద. ఎండకు అది మెత్తబడి, నా బరువుకు చదునై, అచ్చు దిగినట్టు దిగింది.

అత్త చూసింది. సంచీ కింద పడేసి, ఇసుక మీద కూలబడి నవ్వింది. "ఓయమ్మా! మనం తేల్చుకునేదానికి ఇన్నేండ్లు పట్టె. సముద్రం ఒక్క పూటలో తేల్చి గుర్తు పెట్టె గదే!" కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ నవ్వింది. బంధువులు కడుపులు పట్టుకున్నారు. ఆడబిడ్డ ఫోను తీసి ఫొటో కొట్టింది. నేను ఆయన వైపు చూశాను. ఇందాక నా భుజం పట్టుకున్న మనిషి. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. అన్నాడు.

"ఇంగ వ్యాను రావాల్సిందే తక్కువ" అన్నాడు.

మాట తక్కువ మనిషి కదా, ఆ మాటకు విలువ ఎక్కువ. టెంపో డ్రైవరుకు అర్థం కాకపోతే గొర్రెల గుర్తుల సంగతి వివరంగా చెప్పారు. అప్పుడు అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను. నలుగురు నవ్వేటప్పుడు నవ్వులపాలైనవాళ్ళు నవ్వకపోతే ఆ నవ్వు ఇంకా పెద్దదవుతుంది. ఆ తెలివి నాకు ఆ ఇంట్లోనే అబ్బింది.

టీ ఆయన ఒక్కడే నవ్వలేదు. లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చి నా చేతికిచ్చాడు. ఈలోగా ఆడబిడ్డ కొడుకు అరికాలికి తారు అంటిందని ఏడుపు అందుకున్నాడు. ఆడబిడ్డ నా చేతిలోంచి సీసా లాక్కుని వాడి రెండు కాళ్ళకూ మోకాళ్ళదాకా పూసి, మిగిలింది తన చేతులకు రాసుకుని, ఖాళీ సీసా టీ ఆయనకు తిరిగి ఇచ్చింది.

తడిబట్టలతోనే గుడికి పోవాలి, చీర మార్చుకోకూడదు. అందరి వెనకాల నడిస్తే ఎవరికీ కనబడదు కదా అని ఆగాను. అత్త ఒప్పుకోలేదు. "మొక్కు నీది. నువ్వే ముందర పో" అంది. ఆ సన్నటి వీధి పొడుగునా నేను ముందు, నవ్వు ఆపుకుంటూ వాళ్ళు వెనక. నేను కొంగు దించి కప్పుకోబోతే గాలికి తొలగిపోయింది. లోపల దేవుడి ముందు నిలబడి బిడ్డను అడగలేదు నేను. ఈయనను ఒక్కసారి ధర్మవరం రప్పించు స్వామీ అని అడిగాను. దేవుడికి కూడా అది వింత కోరికే అయి ఉంటుంది.

దారి పొడుగునా తారు సంచీ నా సీటు కిందే పెట్టారు. ఎటూ చెడిన చీరే కదా అన్నారు. ఆ కంపుకు నేను రెండుసార్లు వాంతి చేసుకుంటే, బంధువుల్లో ఒకామె ఆశగా, "ఏమే, నీళ్ళు పోసుకొని ఎన్ని దినాలయ్యె?" అని అడిగింది. ఆడబిడ్డ, "సముద్రం అంత తొందరగా పని చేస్తాదా అత్తా!" అంది. మళ్ళీ నవ్వులు.

ఊరు చేరేలోపే ఫొటో ఊరు చేరింది. బంధువుల వాట్సాప్ గుంపులో దాని కింద ఏడుపు బొమ్మలు, నవ్వు బొమ్మలు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు నా మొహం చూసేవాళ్ళు కారు, నేను బిందె ఎత్తుకుని తిరిగాక వెనక చూసేవాళ్ళు. కిరసనాయిలు పెట్టాను, సర్ఫు పెట్టాను, మచ్చ పల్చబడి ఇంకాస్త పెద్దదైంది. కోపం రాలేదా అంటే వచ్చింది. రాత్రింబగళ్ళు వచ్చింది. వాళ్ళందరి నోళ్ళలో ఆ తారు కరిగించి పోయాలన్నంత వచ్చింది. కానీ పోట్లాడితే, ఇదే సాకుగా పుట్టింటికి పంపేసి తలుపేసుకుంటారు. పరీక్ష జరిగేదాకా నోరు మూసుకోవాలని పంతం పట్టాను.

వాన మబ్బులు కనబడే రోజుల్లో, అమ్మకం గొర్రెలకు గుర్తు పెట్టే పని వచ్చింది. అత్త గోకర్ణం తారు బయటికి తీసింది. పాత ఇనప బాండీలో వేసి, నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. కొనుక్కొచ్చే తారైతే కరిగి, పూసిన కాసేపటికి గట్టిపడుతుంది. ఇది ఇసుక చిటపటలాడుతూ, ఉప్పునీళ్ళు చిందుతూ, ఎంత కాచినా జీళ్ళపాకంలా సాగుతోందే గాని పదునుకు రాదు. "అత్తా, ఇది ఆరేటట్లు లేదు" అన్నాను. "డాంబరు ఆరకుండా యాడికి పోతాది? నువ్వు కాంచు" అంది. కర్రకు గుడ్డ చుట్టి, ఆరింటికి తుంటి మీద మచ్చలు పెట్టింది. సాయంత్రం అన్నిటినీ దొడ్లోకి తోలాం.

గొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. తెల్లారి చూస్తే మందంతా నల్లగా ఉంది. ఒకదాని తుంటి మీది తారు పక్కదాని డొక్కకు, దాని డొక్కది ఇంకోదాని తలకు. పాలిచ్చే గొర్రెలకు, పిల్లలకు, కొమ్ముల పొట్టేలుకు కూడా మచ్చలే. ఏది అమ్మేదో ఏది ఉంచేదో ఎవరికీ తెలియదు. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, నా వైపు తిరిగి, "నువ్వు సరిగ్గా కాంచలే" అంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా!

ఆ పూటే మాంసం అంగడాయన వ్యాను వచ్చింది. దిగి మందను చూసి గట్టిగా నవ్వాడు.

"ఏమక్కా, మంద మొత్తం అమ్మేస్తాండారా? పొట్టేలుకు గూడా పెట్టిండారే!"

"మేం పెట్టింది కాదప్పా. అంటుకొనిండాది" అంది అత్త విసుగ్గా. గొర్రెలను ఒక్కొక్కటిగా కాళ్ళ మధ్య ఇరికించుకుని మళ్ళీ మొదటినుంచీ డొక్కలు చూడటం మొదలుపెట్టింది. మా ఆయన పట్టి తెస్తున్నాడు, నేను పక్కన కూర్చుని ఉంచేవాటి ఉన్నిని వంటనూనెతో రుద్దుతున్నాను. వట్టివని చెప్పినవి వ్యాను దగ్గరికి పోతున్నాయి. చూస్తుండగానే ఆరు దాటాయి, పది దాటాయి. అత్త మొహం మారింది. వయసులో ఉన్న మంచి గొర్రెలు, పోయిన ఏటిదాకా ఈనినవి కూడా వట్టివే. ఆమె లేచి నిలబడి, దొడ్డి మూల కట్టేసిన పొట్టేలును చాలాసేపు చూసింది.

"వ్యాను కాడ ఉండే గొర్రెలన్నీ ఎనక్కి తోలు" అంది కొడుకుతో. "ఆ పొట్టేలును ఎక్కియ్యి."

అంగడాయన ఆశ్చర్యపోయాడు. "ఏమక్కా, అంత మంచి పొట్టేలును!"

"చూసేదానికి మంచిదే. రెండేండ్లుగా సగం గొర్రెలు కట్టలే. గొర్రెల్ది తప్పనుకొని నీకు అమ్మితి. ఇప్పుడు చూస్తే బాగుండేవి గూడా వట్టివే. గొర్రెలన్నీ ఒకేసారి గొడ్డుబోతాయా యాడన్నా? తప్పు పొట్టేల్ది. పాపం, ఆ నోరులేని జీవాల్ని ఊరికే కోతకు పంపిస్తి."

పాపం అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు నేను వినలేదు. నూనె చేతులతోనే లేచాను. పట్టిన పంతం, మూసుకున్న నోరు, అన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

"అత్తా" అన్నాను. "పొట్టేలును చూడకుండా గొర్రెల్ని అమ్మకూడదని నువ్వే చెప్తివి. నీ కొడుకును ధర్మవరం ఎప్పుడు పంపిస్తావు?"

అంగడాయన గభాలున వ్యాను వైపు తిరిగిపోయాడు. మా ఆయన పొట్టేలు పలుపు విప్పుతున్నవాడు అట్లాగే వంగి ఉండిపోయాడు. కొడుతుందనుకున్నాను. అత్త కొట్టలేదు, తిట్టలేదు. చేతులకు బూడిద రాసి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నెరిసిన వెంట్రుక ఒకటి నా నుదుటి మీద ఉంటే పక్కకు తీసింది. ఆ చెయ్యి అప్పటికీ మెత్తగానే ఉంది.

"అది నాకు తెల్దనుకొంటివా అమ్మీ?" అంది నెమ్మదిగా. "పొట్టేలైతే సంతలో ఇంగోటి దొరుకుతాది. కొడుకు యాడ దొరుకుతాడు?"

చెప్పి, గొర్రెల దగ్గరికి తిరిగి పోయింది. నన్ను అమ్మీ అని పిలవడం అదే మొదలు. మోసం చేసినా, అబద్ధం చెప్పినా నేను పోట్లాడేదాన్ని. ఆమె నిజం చెప్పింది. ఆయనకు రెండు బారల దూరంలో నిలబడి చెప్పింది. ఆయన ఆ మాట విని, పలుపు విప్పడం పూర్తి చేసి, పొట్టేలును వ్యానులోకి నెట్టాడు.

ఆ ఇంట్లో తేలాల్సింది ఇంకేమీ లేదు. నా బట్టలు సర్దుకుంటుంటే ఎవరూ ఎందుకని అడగలేదు. సాయంత్రం ఆయనే బండి మీద పెనుకొండ దాకా దిగబెట్టాడు. హిందూపురం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుంటే, బ్యాగు కిటికీలోంచి అందించి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పాలని చూస్తున్నాడు. నా గుండె, సిగ్గులేని గుండె, ఆ మనిషి నోరు తెరవాలని అప్పుడు కూడా కొట్టుకుంది.

"ఆధార్ కార్డు పెట్టుకొంటివా?" అన్నాడు.

పెట్టుకున్నానన్నాను.

"సరే. మళ్ళా దానికోసరం రావాల్సొస్తాదని" అన్నాడు, కమ్మీ వదిలేసి.